మూడో చీటీ

ఫిబ్రవరిలో, భర్త కిషోర్ బాబు చనిపోయిన బుధవారం నాడు, ప్రమీలారాణి తొమ్మిదో తరగతికి తెలుగు పాఠం చెబుతోంది. హెడ్మాస్టరుగారు తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఒకసారి" అన్నారు. ఆమె బోర్డు మీద సగం రాసిన వాక్యం పూర్తి చేసింది. చివర చుక్క పెట్టింది. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, అప్పుడు బయటికి వచ్చింది.

ఆగిరిపల్లి అవతల తోటలో పూత చూస్తూ చూస్తూ ఆయన ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాడట. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నూజివీడు ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందని మార్టిన్ ఫోన్లో చెప్పాడు. మార్టిన్ కోత ముఠాకి మేస్త్రీ, ఇరవై ఏళ్ళుగా కిషోర్ బాబు వెంట తోటలు తిరిగిన మనిషి. "అయిపోయిందండీ" అన్నాడే గాని ఏం అయిపోయిందో అనలేదు. ఆ తర్వాత పది రోజులు ఇంటికి వచ్చినవాళ్ళు చాలా మాటలు అన్నారు. వాటిలో ఒక్కటీ ఆమెకి గుర్తులేదు. ఆ వాక్యం పూర్తి చేసి గాని బయటికి రాలేదన్నది మాత్రం గుర్తుంది.

మామిడి తోటలు గుత్తకి తీసుకోవడం కిషోర్ బాబు పని. తోట పూత మీద ఉన్నప్పుడే చూసి, ఎండాకాలంలో ఎన్ని టన్నుల కాయ దిగుతుందో చెప్పాలి. గాలికి రాలేదెంత, పురుగు తినేదెంత, కోతులు పాడుచేసేదెంత, అన్నీ తీసేసి చెప్పాలి. ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఆయనకో అలవాటుండేది. ఏటా తోట ఖాయమయ్యాక ఆయనా మార్టినూ ఒకరికొకరు కనపడకుండా ఒక్కో చీటీ రాసేవాళ్ళు, ఈ తోట ఇన్ని టన్నులు అని. రెండిటినీ ఆయనే వక్కపొడి పొట్లంలా మడిచి, పాత బిస్కెట్ల రేకు డబ్బాలో వేసి బీరువా మీద పెట్టేవాడు. ఆఖరి లోడు కాటా అయిన రోజునే డబ్బా దించాలి. ఎవరి లెక్క దూరంగా ఉంటే వాళ్ళు బిర్యానీ తినిపించాలి. కోత కాకుండా చీటీ విప్పితే చెట్టుకి కోపం వస్తదని మార్టిన్ నమ్మకం. "చెట్టు సంగతేమో గాని, ముందే విప్పితే మనిషి మాట మార్చేస్తాడు" అనేవాడు కిషోర్ బాబు.

ఈ ఏడు ఆ డబ్బాలో రెండు చీటీలు ఎక్కువ పడ్డాయి.

అది ఆయన పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారం. కూతురు యోగితకి పద్దెనిమిదేళ్ళు. నూజివీడులోనే బీసీఏ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో దానికి సెమినార్ ఇచ్చారు, వచ్చే పదేళ్ళలో వీడియో గేములు ఎలా మారతాయో చెప్పమని. తండ్రీకూతుళ్ళిద్దరికీ ఆ పిచ్చి సమానంగా ఉండేది. వందమంది ఒక దీవి మీద దిగి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆట ఒకటుంది. సాయంత్రం కాగానే చెరో ఫోనూ పట్టుకుని వరండాలో కూర్చునేవాళ్ళు. యోగిత పరిగెత్తేది, కాల్చేది. ఆయన మాత్రం దిగీ దిగగానే ఒక చెట్టు చూసుకుని దాని కింద నక్కేవాడు.

"నాన్నా, అక్కడేం చేస్తున్నావ్? రా, నన్ను చంపేస్తున్నారిక్కడ!"

"ఉండవే. ఇదేం చెట్టో చూస్తున్నా."

"అది చెట్టు కాదు నాన్నా, బొమ్మ."

"అదే నేను చెప్పేది. ఆకులన్నీ ఒకటే ఆకు. ఎవడో ఒక్క ఆకు గీసి వెయ్యిసార్లు అతికించాడు. ఈ జన్మలో దీనికి పూత రాదు."

అలా నక్కి కూర్చునే ఆయన చాలాసార్లు ఆఖరి ఇద్దరిలో ఒకడుగా మిగిలేవాడు. యోగితకి అదొక మంట.

ఆ ఆదివారం యోగిత నోటుబుక్కు తీసి ఆయన ఎదురుగా కూర్చుంది. "పూత చూసి కాపు చెప్తావుగా. గేములు పదేళ్ళకి ఎట్టా ఉంటాయో చెప్పు చూద్దాం."

"ముందు పూత ఎట్టా ఉందో నువ్వు చెప్పు. పూత చూపించకుండా కాపు అడిగితే ఎట్టా?"

యోగిత చెప్పింది. ఏఐ వచ్చింది కాబట్టి నోటితో ఇలాంటి ఆట కావాలంటే అలాంటి ఆట అప్పటికప్పుడు తయారవుతుందట. మన ఊరు కావాలంటే మన ఊరే. అందులో మనుషులు ముందే రాసిపెట్టిన మాటలు కాకుండా మనం అడిగినదానికి జవాబు చెబుతారట, మన భాషలోనే. ఫోను బదులు కళ్ళజోడు వస్తుందట. డౌన్‌లోడ్ చేసుకునే పనే ఉండదట. "అన్నిటికంటే ముఖ్యం, ఒక్కొక్కళ్ళకీ ఒక్కో ఆట నాన్నా. నాకు సరిపోయేది నాకు, నీకు సరిపోయేది నీకు."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తోటలో కూడా అంతే, గట్టున నిలబడి మొదటి పావుగంట ఎవరితోనూ మాట్లాడడని మార్టిన్ చెబుతుంటాడు.

"అట్టయితే నువ్వాడే ఆట నేనాడను."

"ఆడక్కర్లా. నీది నీకుంటదిగా."

"మరి రేపు పొద్దున నీతో దేని గురించి మాట్లాడాలి? ఎవరి చెట్టు వాళ్ళది, ఎవరి కాయ వాళ్ళది అయితే, అబ్బా పుల్లగా ఉందిరా అని ఎవరితో చెప్పుకుంటాం?"

"అదంతా ఏం కాదు. అందరం ఒకేచోట కలుస్తాం అప్పుడే. నువ్వు పాతకాలం మనిషివి నాన్నా."

"పాతకాలమే. ఇరవై ఏళ్ళలో నా లెక్క తప్పింది ఐదుసార్లు. మీ కాలేజీలో అంత చెప్పగలిగినోడు ఎవడన్నా ఉన్నాడేమో కనుక్కో."

"అయితే చీటీ వేద్దాం రా!"

అలా మొదలైంది. ప్రమీలారాణి లోపలి గదిలో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతోంది. ఆయన ఆమె బల్ల మీద నుంచి పోయినేటి జవాబు పత్రం ఒకటి తీసుకుని, స్కేలు పెట్టి మూడు ముక్కలు చేశాడు. ఒకటి యోగితకి. ఒకటి తనకి. మూడోది పేపర్ల కట్ట మీద పెట్టాడు.

"టీచర్ గారూ, మీది కూడా."

"ఆటల సంగతి నాకేం తెలుసండీ?"

"తెలియక్కర్లేదు. ఊహించి రాయండి. మార్టిన్‌కి మాత్రం ఏం తెలుసని ఏటా రాస్తున్నాడు?"

"పేపర్లు ఉన్నాయి. తర్వాత రాస్తాను."

ఆయన గోడవైపు తిరిగి, పరీక్షలో పిల్లల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు. మధ్యలో ఒకసారి తనలో తను నవ్వుకున్నాడు. ఆమె తల ఎత్తి చూసింది. చూసి, మళ్ళీ పేపరులోకి తల దించుకుంది.

చీటీలు మడిచి డబ్బాలో వేస్తుంటే యోగిత అడిగింది. "తోట చీటీలు కూడా ఇందులోనేగా ఉన్నాయి? ఏది ఏదో ఎట్టా తెలుస్తది?"

"విప్పితే తెలుస్తది."

"మనవి ఎప్పుడు విప్పాలి?"

"పదేళ్ళ కాపు కదా. రెండు వేల ముప్ఫై అయిదు, మే నెల, ఆఖరి లోడు రోజు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు." లోపలి గదివైపు గొంతు పెంచాడు. "మీ అమ్మ చీటీ పడేదాకా మూత గట్టిగా బిగించకు."

తోటని మధ్యలో వదలడానికి లేదు. మార్టిన్ దగ్గరుండి మందు కొట్టించాడు, నీళ్ళు పెట్టించాడు. పిందె నిలిచి నిమ్మకాయంత అయ్యాక కాయకాయకీ కాగితం కవరు తొడిగించాడు. ప్రమీలారాణి రోజూ పొద్దున స్కూలుకి వెళ్ళేముందు కిషోర్ బాబు ఫోను ఛార్జింగుకి పెట్టేది. ఎందుకని యోగిత అడగలేదు. ఆమె కూడా తనని తాను అడగలేదు. యోగిత ఫోనులో ఆట తెరిస్తే, స్నేహితుల పట్టికలో నాన్న పేరు బూడిదరంగులో ఉండేది. పక్కన, ఆఖరుగా ఆడి ఎన్నాళ్ళయిందో ఆటే చూపించేది. ఇరవై రోజులు. నలభై ఒక్క రోజులు. సెమినార్ జూన్‌కి వాయిదా వేయించుకుంది యోగిత. అమ్మాకూతుళ్ళు అన్నం తినేవాళ్ళు, గిన్నెలు కడిగేవాళ్ళు, పడుకునేవాళ్ళు. ఆమెకి ఏడుపు రాలేదు. రావాలని ఎదురుచూడనూ లేదు.

ఒక్కటి మాత్రం ఉండేది. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన మాటలన్నీ ఆమె విన్నవే. విననిది ఒక్క చీటీ మీద ఉంది, బీరువా మీద.

ఏప్రిల్‌లో, ఒంటిపూట బడులు నడుస్తున్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఆమె కుర్చీ వేసుకుని డబ్బా దించింది. వదులుగా పెట్టిన మూతే తుప్పుకి బిగుసుకుపోయింది. స్పూను కాడ అంచులోకి దోపి ఎత్తబోతుంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"దుమ్ము తుడుస్తున్నా."

యోగిత స్పూను వైపు చూసింది. "దాంతోనా?"

ప్రమీలారాణి స్పూను పక్కన పెట్టింది. యోగిత సంచి దించి తల్లి పక్కనే నేల మీద కూర్చుంది. తిట్టలేదు.

"అమ్మా, నాన్న చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. ఇందులోదొక్కటే మిగిలింది. అది కూడా చదివేస్తే నాన్న దగ్గర ఇంకేం ఉండదు."

"పదేళ్ళు తల్లీ."

"తెలుసు."

"అప్పటికి ఎవరం ఎక్కడుంటామో."

"ఎక్కడున్నా డబ్బా నేను పట్టుకొస్తా. నువ్వు మాత్రం విప్పొద్దు. నాకు తెలియకుండా కూడా విప్పొద్దు."

ఆమె సరేనని మాట ఇవ్వలేదు. డబ్బా మాత్రం మళ్ళీ పైన పెట్టింది. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు కుర్చీ దాకా వెళ్ళింది.

మే నెల ఆఖరి వారంలో తోట ఖాళీ అయింది. సాయంత్రం నాలుగింటికి మార్టిన్ కాటా దగ్గర నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. చేతుల మీద సొన కాలిన మచ్చలు నల్లగా ఉన్నాయి. కుర్చీ వేసినా కూర్చోకుండా మెట్టు మీదే కూర్చున్నాడు.

"ముప్ఫై ఏడున్నర టన్నులు తేలిందండీ మొత్తం." కాటా చీటీలు ఆమె చేతికిచ్చాడు. కాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఈ ఏడు డబ్బా ఊసు వద్దులే అనుకున్నా మేడంగారూ. మా ఇంటిది రిబ్కమ్మే ఊరుకోలా. వెళ్ళి విప్పు, లేకపోతే మార్టిన్‌గాడు పందెం ఎగ్గొట్టాడంటాడు బాబుగారు అంది."

యోగిత లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చింది. మార్టిన్ దాని అంచుని మెట్టుకేసి రెండు దెబ్బలు కొట్టాడు. మూత ఊడొచ్చింది. నాలుగు పొట్లాలు. నాలుగూ ఒకే చేతి మడత.

"నాలుగేంటి?"

"రెండు మావి బాబాయ్. ఉండు, నేను చూసి..."

"నాది నాకు తెలుసులేమ్మా. ఏళ్ళ తరబడి చూస్తున్నా." యోగిత చెయ్యి చాపేలోపే ఒకటి తీసి విప్పేశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మార్టిన్ పెద్దయ్యాక, రాత్రి బడిలో చదువు నేర్చుకున్నవాడు. ఏది చదివినా పైకే, కూడబలుక్కుంటూ చదువుతాడు.

"ఒకటి. పదేళ్ళకి... ఆటలో చెట్టు... నిజం చెట్టులాగే ఉంటది. ఎక్కొచ్చు. కాయ కొయ్యొచ్చు. సొన మాత్రం అంటదు." తల ఎత్తాడు. "ఇదేంటి, టన్నులెక్కడ రాశాడు?"

మొదటి మాటకే ప్రమీలారాణికి అర్థమైంది. ఆమె ఆపలేదు. గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడింది.

"రెండు. రాణి కూడా..."

"బాబాయ్, ఆపు! అది కాదు!"

యోగిత కాగితం లాక్కుంది. లాక్కుని చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ పాత మడతల మీదే మడిచింది. మార్టిన్‌కి అప్పుడు తెలిసొచ్చింది. లేచి నిలబడిపోయాడు.

"తప్పయిపోయింది మేడంగారూ. బాబుగారి మాట... కోత కాకుండానే..."

యోగిత కళ్ళు తెరిచి తల్లి ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. ఆ తర్వాత పొట్లం ఆమెకి అందించింది.

"చదువుకో అమ్మా. నీ పేరుంది అందులో. నాకు చెప్పకు, అంతే."

ప్రమీలారాణి అందుకుంది. కాగితం పలచనిది. మడతల్లోంచి నీలం సిరా నీడలా కనిపిస్తోంది. వెనకవైపు తను ఎప్పుడో పెట్టిన ఎర్ర టిక్కు సగం తెగి ఉంది. ఒక్క మడత విప్పితే రెండో వాక్యం ఉంటుంది. రాణి కూడా ఆడుతుంది. రాణి కూడా మారుతుంది. రాణి కూడా నన్ను తిట్టడం మానేస్తుంది. ఏదైనా కావచ్చు. ఆయన నవ్వుకున్నది ఆ మాట దగ్గరేనేమో.

యోగిత మళ్ళీ కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది కూడా. తను చదివితే ఆ పిల్ల ఈ ఇంట్లో పదేళ్ళు అలాగే ఉండాలి, తల్లి నోటి నుంచి ఎక్కడ ఏ మాట జారుతుందోనని.

"ఇంకా కోత కాలేదుగా" అంది ప్రమీలారాణి. పొట్లం డబ్బాలో వేసింది.

యోగిత వినలేదు. మార్టిన్ భుజం తట్టి చెప్పాల్సి వచ్చింది. "పెట్టేసింది లేమ్మా, మీ అమ్మ. కళ్ళు తెరువు."

తన చీటీ యోగిత గుర్తుపట్టింది, జెల్ పెన్నుతో రాసింది కాబట్టి సిరా బయటికి ఊరింది. మిగిలిన రెండూ విప్పారు. మార్టిన్ చీటీలో నలభై అయిదు. కిషోర్ బాబు చీటీలో ముప్ఫై ఎనిమిది. మార్టిన్ కాటా చీటీల వంక ఒకసారి, ఆ కాగితం వంక ఒకసారి చూశాడు.

"అర టన్ను. అర టన్నే తేడా. పోయి కూడా నన్ను గెలిచాడండీ ఈయన!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. కానీ యోగిత నవ్వింది. ఫిబ్రవరి తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు అదే. పైకి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడుపులోకి జారిపోయింది. మార్టిన్ మెట్టు మీద దాని పక్కన కూర్చుని తల నిమురుతూ, "బిర్యానీ నాదేలేమ్మా, నాదే" అంటున్నాడు. ప్రమీలారాణి లోపలికి వెళ్ళి టీ పెట్టింది. మూడు కప్పుల నీళ్ళు కొలిచి పోసింది.

ఆదివారం మార్టిన్ బిర్యానీ తెచ్చాడు. అలవాటుగా నాలుగు పొట్లాలు కట్టించుకొచ్చాడు. నాలుగోది తిరిగి రిబ్కమ్మకి పట్టుకెళ్ళమని ఆమే సంచిలో పెట్టింది.

జూన్‌లో యోగిత సెమినార్ ఇచ్చింది. కళ్ళజోళ్ళు, ఏఐ, మాట్లాడే బొమ్మలు అన్నీ చెప్పి, చివర నాన్న మాట చెప్పిందట. ఎవరి ఆట వాళ్ళదైపోతే దాని గురించి ఎవరితో మాట్లాడుకుంటారు అని. ఇదెక్కడ చదివావని లెక్చరర్ అడిగాడు. మామిడి తోటలు గుత్తకి తీసుకునే ఒకాయన చెప్పాడంది. క్లాసంతా నవ్వింది. "నవ్వనిచ్చాను" అంది యోగిత ఇంటికొచ్చి, అన్నం కలుపుకుంటూ. "లెక్చరర్ మాత్రం రాసుకున్నాడు."

ఆ సాయంత్రం ప్రమీలారాణి వరండాలోకి వచ్చి కూర్చుంది. "ఆ ఆట ఎలా ఆడతారు?"

యోగిత ఆమె వంక అనుమానంగా చూసింది. "ఎందుకు?"

"చీటీ రాయాలిగా. ఏమీ తెలియకుండా ఏం రాయను?"

ముందు ప్రమీలారాణి కిషోర్ బాబు ఫోనే తీసింది. యోగిత ఆ చేతిని పట్టుకుంది. "అందులో తెరిస్తే నాన్న పేరు పచ్చగా వెలుగుతుందమ్మా. నా ఫోనులో నాన్న వచ్చినట్టు చూపిస్తది." ప్రమీలారాణి ఆ ఫోను మళ్ళీ ఛార్జింగుకి పెట్టేసింది. తన ఫోనులో ఆట ఎక్కించుకున్నారు. పేరు ఏం పెట్టాలంటే, రాణి అని పెట్టమంది.

దీవి మీద దిగింది. బొటనవేలు ఎటు జరిపితే మనిషి అటు నడుస్తోంది. "పరిగెత్తమ్మా, అటు కాదు, ఇంటి లోపలికి!" అంటోంది యోగిత. ఆమె నడుచుకుంటూ ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. తల పైకెత్తి చూసింది. ఆకులన్నీ ఒకటే ఆకు. ఆయన చెప్పింది నిజమే. అది చూస్తుండగానే వెనక నుంచి ఎవరో కాల్చారు. తెర ఎర్రగా అయింది. తొంభై ఆరో స్థానం అని వచ్చింది.

"మొదటిసారికి పర్లేదు" అంది యోగిత. "నాన్న మొదటిసారి తొంభై ఎనిమిది."

"మళ్ళీ పెట్టు" అంది ఆమె.

ఆయన చింపి ఇచ్చిన కాగితం ముక్క టీచర్ డైరీలో, ఫిబ్రవరి పేజీల మధ్య అలాగే ఉంది. అన్నాలయ్యాక దాన్ని తీసి బల్ల మీద పెట్టుకుని, పెన్ను మూత తీసింది. ఒకటి అని అంకె వేసింది, పక్కన చుక్క పెట్టింది. ఆ తర్వాత మాట రాలేదు. పెన్ను మూత పెట్టేసింది. మర్నాడు మళ్ళీ తీసింది. ఆ మర్నాడూ తీసింది.

డబ్బా మూత వదులుగానే ఉంది. అందులో రెండు చీటీలున్నాయి. మూడోది ఆమె ఇంకా రాయలేదు.